గెలిచిన పక్షాన ఒక ఓటు

ఆర్డిస్ చావుకి కారణం డెల్మర్ ఓస్బీ వేసిన ఓటు. ఎల్డన్ రూస్టాడ్ ఆ మాటని వాదనలా అనేవాడు కాదు. గోధుమకి తెగులు తగిలిందని చెప్పినట్టు చెప్పి ఊరుకునేవాడు. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు.

ఎల్డన్ భార్య ఆర్డిస్ నవంబరులో పోయింది. మధ్యాహ్నం కోళ్ళకి గింజలు వేసి వచ్చి, చేతులు కడుక్కుంటూ తొట్టి దగ్గరే కూలబడింది. ఎల్డన్ ఫోను చేశాడు. ఊళ్ళో ఒకప్పుడు అంబులెన్స్ ఉండేది. ఊరివాళ్ళే జీతం లేకుండా నడిపేవాళ్ళు. వాళ్ళు ముసలివాళ్ళై ఒక్కొక్కరే మానుకున్నాక ఆ షెడ్డుకి తాళం పడింది. ఇప్పుడు బండి రావాలంటే నది అవతలి పట్నం నుంచి రావాలి. అది వచ్చేసరికి ఎల్డన్, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. చాలు, ఇక ఆపండని ఎల్డనే అన్నాడు.

ఇలాంటి ఊళ్ళన్నిటికీ జీతగాళ్ళతో అంబులెన్స్ పెట్టాలని ఆ ఏడు ఫిబ్రవరిలోనే శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. ఖర్చు పెద్ద ఆసుపత్రి కంపెనీల నెత్తిన పడుతుంది. ఆ బిల్లు తెచ్చింది వీళ్ళ ఊరి సభ్యుడు డెల్మరే. అది ఓడిపోయింది. మార్చిలో సభ ముగించుకుని ఇంటికొచ్చిన డెల్మర్ హోటల్లో కాఫీ ముందు కూర్చుని, "ఓడింది. మళ్ళీ తెస్తాను" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఓటమి గురించి వివరంగా మాట్లాడటం ఆ ప్రాంతపు మగవాళ్ళకి చేతకాదు. వడగళ్ళకి పంట మొత్తం పోయినా "కొంచెం దెబ్బతింది" అంటారు.

డెల్మర్, ఎల్డన్ ఒకే గది ఉన్న పల్లె బడిలో ఒకే బెంచీ మీద ఎనిమిది తరగతులు చదివారు. అక్కడ పంతులమ్మ వేసిన మార్కుల మీద అప్పీలు లేదు. తండ్రి కూడా అడిగేవాడు కాదు. మార్కు తక్కువొస్తే తప్పు పిల్లవాడిదే. ఎల్డన్ చదువు అక్కడితో ఆగింది గానీ, మార్కు అంటే నిజమన్న నమ్మకం అతని ఎముకల్లో ఉండిపోయింది.

ఒక్క ఎల్డన్ అనేముంది, ఊరంతా అంతే. శాసనసభ రెండేళ్ళకొకసారి కూడేది. అది ముగిశాక రకరకాల సంఘాలు సభ్యులు వేసిన ఓట్లకి మార్కులు వేసి అట్టలు పంపేవి. పశువుల పెంపకందార్ల సంఘం, తుపాకుల సంఘం, పన్నులు వద్దనేవాళ్ళ సంఘం. హోటలు నడిపే ట్వైలా వాటిని గల్లాపెట్టె పక్కన గోడకి పిన్నులతో గుచ్చేది. ఏ ఓటుకి ఏ మార్కు పడిందో ఎవరూ చూసేవాళ్ళు కాదు. చివర ఉన్న అంకె చూసేవాళ్ళు.

"మళ్ళీ వందకి వంద! డెల్మర్, బళ్ళో నీకు లెక్కల్లో ఎప్పుడైనా వంద వచ్చిందా?" అనేది ట్వైలా.

"లెక్కలు ఎల్డన్ కాగితం చూసి రాసేవాణ్ణి. వాడికెంతో నాకూ అంతే," అనేవాడు డెల్మర్.

"నా తప్పులు కూడా దించాడు. అందుకే దొరికిపోయాడు," అనేవాడు ఎల్డన్.

తరవాత తోలు గ్లాసులో పాచికలు గిలకరించి బల్ల మీద వేసేవాళ్ళు. తక్కువ పడ్డవాడు అందరి కాఫీకీ డబ్బులు ఇచ్చుకోవాలి. పొద్దున్నే ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళకి అదే కోర్టు, అదే చర్చి. గ్లాసు నీ చేతికొచ్చిందంటే నువ్వు వాళ్ళలో ఒకడివి.

ఆర్డిస్ పోయిన తరవాతి మార్చిలో ట్వైలా హోటలుకి ఎప్పుడూ చూడని అట్ట ఒకటి వచ్చింది. పల్లె ప్రాణాల సమితి అట. డెల్మర్ ఓస్బీకి సున్నా. పక్కనే ఎర్ర అక్షరాల్లో, "అంబులెన్స్ బిల్లు: కాదు" అని ఉంది.

ట్వైలా దాన్ని గోడకి గుచ్చలేదు. ఎప్రన్ జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగి, చివరికి ఎల్డన్ ముందు పెట్టింది.

"అచ్చుతప్పేమో," అంది.

"సున్నా అచ్చుతప్పు ఎలా అవుతుంది?" అన్నాడు ఎల్డన్.

ఆ వారమే కార్సన్ ప్రెల్ అనే కుర్రవాడు ఇంటికొచ్చాడు. సమితి మనిషినన్నాడు. గుమ్మంలోనే బూట్లు విప్పాడు. అది ఎల్డన్‌కి నచ్చింది. శాసనసభ వాళ్ళదే అయిన ఓట్ల పట్టీ కంప్యూటర్లో తెరిచి చూపించాడు. ఓస్బీ: కాదు.

"బిల్లు తన పేరు మీదే పెట్టాడండీ, ఎల్డన్ గారూ. ఓటు దగ్గరికొచ్చేసరికి కాదన్నాడు. మీ ఊళ్ళో ఒక మాట, అక్కడ ఒక మాట. మీలాంటి వాళ్ళు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలీదు."

"నేను మాటకారిని కాను."

"అందుకే మీరు కావాలి సార్."

రెండు రోజుల్లో దీపాలూ కెమెరాలూ వచ్చాయి. ఆర్డిస్ ఎప్పుడూ పొయ్యి పక్క కుర్చీలో కూర్చునేది, వెచ్చగా ఉంటుందని. అక్కడ వెలుతురు చాలదని ప్రెల్ మనుషులు ఆ కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, దాని ముందు ఆమె కప్పు పెట్టారు. ఆమె అక్కడ కూర్చోదని ఎల్డన్ చెప్పబోయి ఊరుకున్నాడు. ఖాళీ కుర్చీ కేసి చూస్తూ మాట్లాడమన్నారు. మొదటిసారి అతను పొడిగా చెప్పాడు. రెండోసారి గొంతు జీరపోయింది. మూడోసారి పైకి పొడిగానే చెప్పాడు గానీ చెంపలు అదిరాయి. ప్రెల్ ఆ మూడోది తీసుకున్నాడు.

"నా భార్య నేల మీద చనిపోయింది. డెల్మర్ ఓస్బీ అంబులెన్స్‌కి కాదని ఓటేశాడు. చిన్నప్పటి నుంచీ నా స్నేహితుడు."

ఆఖరి వాక్యం ప్రెల్ రాసిచ్చిందే. అందులో అబద్ధం లేదు.

ఆ ప్రకటన సాయంత్రం వాతావరణం చెప్పే ముందు వేసేవారు. విత్తనాలు వేసే కాలంలో ఆ వేళకి టీవీ ముందు లేని రైతు ఉండడు. పొద్దున పశువుల ధరల తరవాత అదే రేడియోలో. జూన్‌లో పార్టీ అభ్యర్థిని జనమే ఓటేసి ఎంచుకునే ఎన్నిక ఉంది. డెల్మర్ మీద నిలబడింది కర్టిస్ వీన్ అనే విత్తనాల వ్యాపారి. అతని పేరున్న బోర్డులు ప్రతి కంచె మీదా మొలిచాయి. వాటికి డబ్బెక్కడిదని ఎవరూ అడగలేదు. ఆసుపత్రి కంపెనీల వాళ్ళు, వాళ్ళ భార్యలు, వాళ్ళ వకీళ్ళు తలా కొంత చందా ఇచ్చారని తరవాత తెలిసింది. తెలుసుకోవాలనుకుంటే అప్పుడే తెలిసేది.

డెల్మర్ ఒక్కసారే వచ్చాడు. ఏప్రిల్‌లో, ఆవులు ఈనే రోజుల్లో. ఎల్డన్ కొట్టంలో మోచేతి దాకా నెత్తురుతో ఉన్నాడు. దూడ అడ్డం తిరిగింది. డెల్మర్ కోటు విప్పి అవతల పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడకుండా దూడని లాగారు. అది తుమ్మి, తల విదిలించింది. డెల్మర్ గడ్డితో చేతులు తుడుచుకున్నాడు.

"ఎల్డన్, ఆ ఓటు సంగతి..."

"కాదని వేశావా, లేదా?"

"వేశాను. కానీ దానికి..."

"వేశావు కదా. ఇంకేంటి?"

"ఒక్క నిమిషం వినరా."

"ఆర్డిస్‌కి ఎవరిచ్చారు ఆ నిమిషం?"

డెల్మర్ కాసేపు దూడని చూస్తూ నిలబడ్డాడు. తరవాత కోటు చేతి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. అతని బండి గేటు దాటేదాకా ఎల్డన్ వీపు తిప్పి నిలబడ్డాడు. గెలిచినట్టే అనిపించింది.

మర్నాడు హోటల్లో పాచికల గ్లాసు బల్ల చుట్టూ తిరిగింది. డెల్మర్ ముందుకి రాగానే పక్కవాడు చెయ్యి చాచి అతన్ని దాటించి అవతలివాడికి ఇచ్చాడు. డెల్మర్ తన కాఫీ డబ్బులు తను బల్ల మీద పెట్టి లేచాడు. ఆ తరవాత రాలేదు. జూన్‌లో ఓడిపోయాడు. మరీ ఎక్కువ తేడాతో కాదు. ఎల్డన్ చుట్టుపక్కల వాళ్ళు వేసినన్ని ఓట్ల తేడాతో.

జనవరిలో మళ్ళీ సభ మొదలైంది. అంబులెన్స్ బిల్లు మళ్ళీ వచ్చిందని, మీరు గెలిపించిన కర్టిస్‌ని కూడా సభలో చూడొచ్చు రమ్మని ప్రెల్ ఫోను చేశాడు. ఎల్డన్ పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే కోటు తొడుక్కుని, తెల్లారకముందే తన పికప్ ట్రక్కులో బయల్దేరాడు. సభని పైనుంచి చూసే వరండాలో ప్రెల్ అతనికి ముందు వరసలో చోటు ఉంచాడు. కాఫీ తెచ్చిచ్చాడు.

బిల్లు తెచ్చింది పడమటి జిల్లాల నుంచి వచ్చిన ఒక సభ్యురాలు. పొట్టిగా, బూడిదరంగు జుట్టుతో, ఆర్డిస్ చెల్లెలేమో అనుకునేలా ఉంది. బాగా మాట్లాడింది. ఏ ఊరికి ఎంత దూరమో చెప్పింది. చెప్పిన పేర్లలో ఎల్డన్ ఊరు కూడా ఉంది. అతను కోటు గుండీ సర్దుకున్నాడు.

గోడ మీద పెద్ద పలక వెలిగింది. అవునన్నవాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ, కాదన్నవాళ్ళ పక్కన ఎరుపు. కర్టిస్ వీన్ పేరు పక్కన ఎరుపు వెలగడం చూసి ఎల్డన్ తప్పు చదివాననుకుని ముందుకి వంగాడు. తప్పు లేదు. ఎరుపులు ఎక్కువయ్యాయి. ఇంకా ఓటింగు ముగియకముందే, ఆ సభ్యురాలు పలకకేసి చూసి, బల్ల మీద మీట నొక్కింది. ఆమె ఆకుపచ్చ ఎరుపుగా మారింది.

"చూడు!" ఎల్డన్ ఉన్నచోటే లేచాడు. "చూడు దాన్ని! ఇంతసేపూ ఏడిచి ఏడిచి, ఎలా తిరిగిందో చూడు! అచ్చం డెల్మర్ లాగే!"

కింద ఒకరిద్దరు తలెత్తి చూశారు. ప్రెల్ నవ్వుతూ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"అరవకండి సార్, బయటికి పంపేస్తారు. అది పాత ఎత్తే. ఓడిపోతున్నామని తెలిశాక గెలిచిన పక్షాన ఓటు వేస్తారు. బిల్లుని రేపు మళ్ళీ తెరవమని అడిగే హక్కు గెలిచిన పక్షం వాళ్ళకే ఉంటుంది. ఓడినవాళ్ళకి ఉండదు. ఈవిడ రాత్రికి ఇద్దరు ముగ్గుర్ని తిప్పుకోవాలని చూస్తుంది. కుదరదు లెండి."

ఎల్డన్ పలక మీద ఆమె పేరు పక్కన వెలిగిన ఎరుపు చూపించాడు.

"డెల్మర్ చేసింది కూడా ఇదేనా?"

"ఆఁ. మర్నాడు మళ్ళీ తెరిపించాడు కూడా. ఒక్క ఓటుతో పోయింది. డెల్మర్ పక్షం వాడొకడు ఆవులు ఈనుతున్నాయని ఇంటికి పోయాడు." ప్రెల్ ఆ ముచ్చట చెబుతూ సరదాపడ్డాడు. అటు కింద కర్టిస్ పైకి చూస్తే బొటనవేలు ఎత్తి చూపించాడు.

"నీకు తెలుసు," అన్నాడు ఎల్డన్.

"ఏమిటండీ?"

"మా ఇంటికొచ్చి బూట్లు విప్పినరోజు నీకు ఇది తెలుసు."

ప్రెల్ మొహం అప్పుడు కొంచెం మారింది. "మేం అబద్ధమేం చెప్పలేదండీ. కాదని ఓటేశాడని చెప్పాం. వేశాడు."

"మీరు ఈ బిల్లు కావాలన్నవాళ్ళా, వద్దన్నవాళ్ళా?"

"పల్లెలకి మంచి వైద్యం కావాలనే మా..."

"కావాలా, వద్దా?"

"ఈ బిల్లు వద్దండీ. ఇది ఆసుపత్రుల్ని ముంచేస్తుంది."

ఎల్డన్ కాఫీ గ్లాసు కుర్చీ కింద పెట్టి లేచాడు. ప్రెల్ వెనకాలే మెట్ల దాకా వచ్చి, రోడ్డు మీద మంచు జారుతుంది జాగ్రత్త సార్ అన్నాడు. కుర్రవాడు మర్యాదస్తుడే. కొట్టడానికి కూడా అందడు.

దారిలో ఎల్డన్ ఎక్కడా ఆగలేదు. ఇంటికి కూడా పోలేదు. డెల్మర్ షెడ్డు తలుపు కింద వెలుతురు కనిపిస్తే అక్కడ ఆపాడు. డెల్మర్ విత్తనాల యంత్రం చక్రాలకి గ్రీజు పెడుతున్నాడు. ఎవరొచ్చారో చూసి మళ్ళీ పని చేసుకున్నాడు.

"రాజధాని నుంచి వస్తున్నాను," అన్నాడు ఎల్డన్.

"కోటు చూస్తే తెలుస్తోంది."

"బిల్లు ఓడింది."

"విన్నాను. రేడియోలో చెప్పారు."

"ఆవిడ కూడా నీలాగే చేసింది. గెలిచినవాళ్ళ పక్కన."

డెల్మర్ చేతిలో గ్రీజు గుడ్డ ఆగింది. తిరిగి చూడలేదు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు ఎల్డన్. "టీవీలో చెప్పొచ్చుగా. నువ్వూ ఒక ప్రకటన వేసుకోవచ్చుగా."

"వేద్దామన్నారు మావాళ్ళు. రాసి కూడా తెచ్చారు. ఎల్డన్ రూస్టాడ్‌కి అసలు సంగతి తెలీదు అని మొదలు." డెల్మర్ యంత్రం మీద చెయ్యి ఆనించాడు. "ఆర్డిస్ పోయి అయిదు నెలలు కాలేదు. నీ మొహం ఒకసారి, నా మొహం ఒకసారి, మధ్యలో ఆమె శవం. రోజూ వాతావరణం ముందు. నావల్ల కాలేదు."

"మరి ఊళ్ళోనైనా..."

"ఎవరికి? గ్లాసు దాటించినవాళ్ళకా?" డెల్మర్ మొదటిసారి అతన్ని సూటిగా చూశాడు. "నీకు చెబుదామని వచ్చాను. దూడ తడి ఆరేదాకా నిలబడ్డాను."

ఎల్డన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. అతను అనాలనుకున్న మాట ఒకటుంది. చిన్నదే. బడిలో కిటికీ పగలగొట్టినప్పుడు పంతులమ్మ ముందు నిలబెట్టి అనిపించిన మాట. అప్పుడు వచ్చింది గానీ ఇప్పుడు రాలేదు.

"మళ్ళీ నిలబడు," అన్నాడు. "ఊరంతా తిరిగి నేనే చెబుతాను."

"నిలబడను."

"కోపమా?"

"ఆ ఉద్యోగం పోయినందుకు కాదు. ఆ అట్టలు గోడ మీద పెడుతుంటే నేనూ పళ్ళు ఇకిలించుకుని చూసినవాణ్ణే. వంద వేసినప్పుడు ఎందుకు వేశారని అడగలేదు. సున్నా వేసినప్పుడు ఏ మొహంతో అడుగుతాను?" గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నీ మీద కోపం ఉంది. అది పోతుందని చెప్పలేను. తలుపు దగ్గరికి లాగి వెళ్ళు, చలి వస్తోంది."

ఎల్డన్ తలుపు దగ్గరికి లాగి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున హోటల్లో అందరూ ఉండగా నిలబడే చెప్పాడు. కోటు విప్పలేదు. డెల్మర్ ఆ ఓటు బిల్లుని బతికించడానికే వేశాడని, మర్నాడు మళ్ళీ తెరిపించాడని, ఆ సమితి ఆసుపత్రి కంపెనీలదని, తను టీవీలో చెప్పింది తప్పని. ఇన్ని మాటలు అతను ఒక్కసారిగా మాట్లాడటం పెళ్ళినాడు కూడా ఎవరూ వినలేదు.

ట్వైలా కాఫీ కూజా పట్టుకుని నిలబడిపోయింది.

"కానీ కాదనే కదా వేశాడు?" అన్నాడు బల్ల చివర ఉన్న ముసలాయన. "మార్కు సున్నాయే కదా?"

"అట్ట మీద అలాగే ఉంది మరి," అన్నాడు ఇంకొకడు. "టీవీలో నువ్వే చెప్పావు కదయ్యా."

"అప్పుడు చెప్పిందీ నువ్వే, ఇప్పుడు చెప్పిందీ నువ్వే. దేన్ని నమ్మమంటావు?"

ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఇబ్బందిగా ఉన్నప్పుడు నవ్వే నవ్వు. ట్వైలా "ఊరుకోండి" అంది. పాచికల గ్లాసు చప్పుడు మొదలైంది. ఎల్డన్ దాకా రాకముందే అతను బయటికి నడిచాడు.

ఆ విషయం ఎలాగో పట్నందాకా పాకింది. వారం తిరక్కుండా ఒకావిడ ఫోను చేసింది. పల్లె అంబులెన్సుల కోసం పోరాడే సంఘం తమదని చెప్పింది. ఆ పడమటి సభ్యురాలి పక్షం వాళ్ళే. గొంతు మెత్తగా, నిజాయితీగా ఉంది. ఎల్డన్‌ని మోసం చేశారని, అది జనానికి తెలియాలని అంది. కర్టిస్ వీన్‌కి తాము సున్నా వేస్తున్నామని, వచ్చే ఎన్నికల్లో అతన్ని దించితే బిల్లు నెగ్గుతుందని చెప్పింది.

"మీరొక్కరు చెబితే చాలు రూస్టాడ్ గారూ. ఓస్బీ గారి పేరు కూడా నిలబడుతుంది. మా మనుషులు మీ ఇంటికే వస్తారు. ఎక్కువసేపు పట్టదు. మీ ఆవిడ గురించి నాలుగు మాటలు, అంతే."

"నిజం చెప్పడానికేనా?"

"నిజమేనండీ. పూర్తిగా నిజమే."

"పోయినసారీ నిజమే చెప్పించారు."

"ఈ బిల్లు నెగ్గితే మీ ఊరికి బండి వస్తుంది," అంది మళ్ళీ, ఇంకా మెత్తగా. "ఇంకొకరి భార్యకైనా..."

అది నిజమేనని ఎల్డన్‌కి తెలుసు. తెలిసే పళ్ళు బిగించాడు. ఆర్డిస్‌ని ఒకసారి తన నోటితో అమ్మాడు. మంచికైనా సరే, రెండోసారి అమ్మడు.

"వినండమ్మా," అన్నాడు. "చెప్పాల్సింది మా ఊళ్ళో ఒకసారి చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు. డెల్మర్‌కి చెప్పాల్సింది చెప్పడం నాకు రాలేదు. ఇక మీకు గానీ, వాళ్ళకి గానీ, కెమెరాకి గానీ, చర్చి పాదిరీకి గానీ, ఈ సంగతి నేను మాట్లాడను. బతికినన్నాళ్ళూ మాట్లాడను. మళ్ళీ ఫోను చెయ్యకండి."

ఆమె ఇంకేదో అంటుండగానే ఫోను పెట్టేశాడు.